ఇంటి ముంగిట్లో కారుకు ఆయిలు మార్చుకోవడం



మన పెద్దవాళ్ళు ఎద్దులబండి కట్టే ముందు ఇరుసుకు కందెన పెట్టేవారు. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి, వెదురు గొట్టంలో పోసి బండికే వేలాడదీసుకునేవారు. సంతకు పోయే దారిలో చక్రం కీచుమంటే దిగి, ఇంత పూసి, మళ్ళీ కదిలేవారు. దానికోసం వడ్రంగి దగ్గరికి ఎవరూ పోలేదు. బండి ఎవరిదో కందెన పని వారిదే.

ఇవాళ ఎద్దులబండి స్థానంలో చాలా ఇళ్ళ ముందు కారు నిలబడి ఉంది. పాతదో కొత్తదో, అప్పు తీరిందో తీరలేదో, కారు మాత్రం ఉంది. దాని కందెన ఇంజను ఆయిలు. ఆ ఆయిలునూ, దాన్ని వడపోసే ఫిల్టరునూ ఇంటి దగ్గరే ఎలా మార్చుకోవచ్చునో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. రేడియోలో బొమ్మ చూపించలేను కనుక కొంచెం నిదానంగా, వరుసక్రమంలో చెబుతాను. వీలున్నవారు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఒక సంగతి. కొత్త కారు కొని, గ్యారంటీ గడువు ఇంకా నడుస్తూ ఉంటే ఈ పని ఇంట్లో చేయకండి. కంపెనీ వర్క్‌షాపులోనే చేయించి రసీదు దాచుకోండి. నేను చెప్పేది గడువు దాటిన బండ్ల గురించి, సెకండ్‌హ్యాండులో కొన్న చిన్న కార్ల గురించి. 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిపోయిన మారుతీ 800 లాంటివి మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కదా. అలాంటి వాటి గురించి.

నాకు ఈ పని మీద శ్రద్ధ ఎలా కలిగిందో కూడా చెబితే మంచిది. మాది ముళబాగిలు దగ్గరి పల్లె. కోలారు జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కొన్నేళ్ళ కిందట ఒక పాత మారుతీ కొన్నాను. తెలిసిన కుర్రవాడొకడు మా ఇంటి ముందే ఆయిలు, ఫిల్టరు మార్చి పెట్టాడు. నేను పక్కన నిలబడి చూశానే గాని ఏమీ అడగలేదు. మరునాడు మా అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి కోలారు బయలుదేరాను. సగం దారిలో, స్టీరింగు వెనుక, నూనెబుడ్డి ఆకారంలో ఉండే ఎర్రదీపం వెలిగింది. వైరు ఏదో వదులైందిలే అనుకున్నాను. ఇంకో రెండు కిలోమీటర్లు నడిపాను. ఇంజనులో టకటకమని చప్పుడు వచ్చింది, ఆ తర్వాత బండి గుంజినట్లై ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు. మా అమ్మ ఎర్రటి ఎండలో రోడ్డు పక్క రాయి మీద కూర్చుని బస్సు కోసం గంటసేపు ఎదురుచూసింది. ఆ రోజు డాక్టరును చూడలేకపోయాం. ఇంజను పనికి అయిన ఖర్చుతో ఇంకో పాత బండి సగం వచ్చి ఉండేది.

ఇంజను విప్పిన ముసలి మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి కారణం చూపించాడు. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని ఉండిపోయింది. దానిమీదే కొత్త ఫిల్టరు, కొత్త రింగు బిగించారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవవు. నూనె ఒత్తిడికి జారి, ఉన్న ఆయిలంతా రోడ్డుపాలైంది. "రింగు ఆ పిల్లోని తప్పు. దీపం ఎలిగినాక నడిపింది నీ తప్పు. ఆ దీపం అలంకారానికి పెట్టినారా అప్పా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఆయన దగ్గరే ఈ పని నేర్చుకున్నాను. ఆయన నేర్పిన వరుసలోనే మీకు చెబుతున్నాను.

ఇంజనులో ఆయిలు చేసే పనులు చాలా ఉన్నాయి. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో పల్చటి పొరగా నిలుస్తుంది. పిస్టను దగ్గరి వేడిని కిందికి మోసుకొస్తుంది. మసిని, అరిగిన లోహపు పొడిని తనలో కలుపుకుని ఫిల్టరుకు చేరుస్తుంది. తుప్పు పట్టనివ్వదు. ఇవన్నీ చేస్తూ చేస్తూ అది అలసిపోతుంది. వేడికి చిక్కబడుతుంది, పెట్రోలు ఆవిరీ నీటితేమా కలిసి చెడుతుంది. అందులో కలిపిన మందుల శక్తి తగ్గిపోతుంది. ఫిల్టరు కూడా మట్టితో నిండిపోతుంది. పూర్తిగా మూసుకుపోతే ఇంజనుకు నూనె అందకుండా పోకూడదని ఫిల్టరు దారిలో చిన్న కవాటం ఒకటి ఉంటుంది. అది తెరుచుకుని, వడపోయని మురికి నూనెనే ఇంజనుకు పంపుతుంది. కాబట్టి ఆయిలు మార్చి పాత ఫిల్టరు ఉంచేయడమంటే, స్నానం చేసి మాసిన బట్టలే కట్టుకున్నట్లు.

ఎన్నాళ్ళకు మార్చాలి? మీ కారు పుస్తకంలో రాసి ఉంటుంది. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది. పాత బండ్లకు 5,000కే మార్చడం మేలు. కఠినమైన వాడకమైతే ఇంకా ముందే మార్చమని ఆ పుస్తకంలోనే మరో వరుస ఉంటుంది. మన సరిహద్దు జిల్లాలవాళ్ళు చూసుకోవలసింది ఆ రెండో వరుస. బళ్ళారి, సండూరు వైపు ఇనుపరాతి గనుల దుమ్ము. చంద్రపూరు వైపు బొగ్గు దుమ్ము, పైగా మండువేసవి. రాయగడ వైపు ఘాటు రోడ్లు. యానాంలో దుమ్ము తక్కువే గాని ఊరు చిన్నది, బండి వేడెక్కేలోపే గమ్యం వచ్చేస్తుంది. అలా కొద్దికొద్ది దూరాలే తిరిగే బండిలో ఆయిలు పూర్తిగా వేడెక్కక, తేమ ఆవిరి కాక, తొందరగా చెడుతుంది. తక్కువ తిరిగింది కదా అని రెండేళ్ళు వదిలేయకూడదు.

ఇక ఏ ఆయిలు పోయాలి అన్నది. డబ్బా మీద 20డబ్ల్యు-40 అనో, 5డబ్ల్యు-30 అనో ఉంటుంది. డబ్ల్యు అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఇంజను చల్లగా ఉన్నప్పుడు నూనె ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, చిన్న అంకె అయితే సులువుగా పారుతుంది. వెనుక అంకె ఇంజను వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మనది ఎండల ప్రాంతం కదా, చిక్కటి ఆయిలు పోస్తే ఇంజనుకు బలం అని కొందరంటారు. అది పాత బండ్ల నాటి మాట. కొత్త ఇంజన్లలో నూనె దారులు సన్నగా ఉంటాయి. వాటికి 5డబ్ల్యు-30, 0డబ్ల్యు-20 లాంటి పల్చటివే రాస్తారు. పుస్తకం ఏది రాస్తే అది పోయండి. 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిలు బండి అయితే మరీ జాగ్రత్త. దాని పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. దానికి బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిలే వాడాలి. వేరేది పోస్తే ఆ జల్లెడ మూసుకుపోతుంది. దాని ఖర్చు చాలా ఎక్కువ.

డబ్బా కొనేటప్పుడు మూత సీలు చూడండి. నకిలీ సరుకు బజారులో ఉంది. ఖాళీ డబ్బాలు కొని, వాటిలోనే నకిలీ నూనె నింపి అమ్మేవాళ్ళున్నారు. రసీదు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

ఇప్పుడు సామాను చెబుతాను, రాసుకోండి. పుస్తకంలో చెప్పినంత ఆయిలు. చిన్న కార్లకు ఇది మూడు లీటర్ల దరిదాపు ఉంటుంది. మీ బండి మోడలుకు తగిన ఫిల్టరు. ఆయిలు చాంబరు కింది బోల్టుకు కొత్త వాషరు. ఆ బోల్టుకు సరిగ్గా పట్టే రింగు పానా. ఫిల్టరును విప్పడానికి పట్టీ పానా. అయిదారు లీటర్లు పట్టే వెడల్పాటి పాత బేసిను. గరాటు, పాత బట్టలు, చేతి తొడుగులు. జాకీ, రెండు ఇనుప స్టాండులు, చక్రాలకు అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మెలు.

స్టాండులు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. జాకీ బండిని ఎత్తడానికే, ఎత్తి పట్టుకుని ఉండడానికి కాదు. ఒక్క జాకీ నమ్ముకుని కింద దూరిన మనిషి ప్రాణం ఒక సన్నటి ఇనుప కమ్మీ మీద ఉన్నట్లు. స్టాండులకు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టకండి. అవి చెప్పకుండా పగిలిపోతాయి. స్టాండులు లేకపోతే కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి. రెండూ కుదరకపోతే వర్క్‌షాపుకే తీసుకుపోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక పని. గట్టి నేల మీద, ఎత్తుపల్లం లేనిచోట బండి నిలపండి. నాలుగైదు నిమిషాలు ఇంజను నడపండి. గోరువెచ్చని నూనె తొందరగా దిగుతుంది, అడుగునున్న మడ్డిని కూడా తీసుకొస్తుంది. తర్వాత ఆపి, పది నిమిషాలు ఆగండి. దూరం నుంచి అప్పుడే వచ్చిన బండి అయితే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. కాగే నూనె చేతిమీద పడితే బొబ్బలెక్కుతాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. హ్యాండుబ్రేకు లాగండి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు అడ్డం పెట్టండి. పుస్తకంలో చూపిన చోట్లే జాకీ పెట్టి ముందుభాగం ఎత్తి, రెండు వైపులా స్టాండుల మీదికి దింపండి. కిందికి దూరకముందే బండిని చేత్తో గట్టిగా అటూ ఇటూ ఊపి చూడండి. కదలకపోతేనే దూరాలి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానీయకండి.

బానెట్టు ఎత్తి, పైన ఆయిలు పోసే మూత విప్పి పెట్టండి. గాలి ఆడితే కింద ధార బాగా వస్తుంది. ఇప్పుడు కింద ఆయిలు చాంబరు, దాని అడుగున బోల్టు వెతకండి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. పక్కనే గేరుబాక్సుకు కూడా అలాంటి బోల్టే ఉంటుంది. దాన్ని విప్పితే గేరు ఆయిలు పోతుంది. అది తెలియక ఇంజనులో ఇంకో మూడు లీటర్లు పోస్తే రెండూ చెడతాయి. విప్పే ముందు పుస్తకంలో బొమ్మ చూసి నిర్ధారించుకోండి. నల్లగా పల్చగా వచ్చేది ఇంజను ఆయిలు. చిక్కగా, గంధకం వాసనతో వస్తే వెంటనే బోల్టు బిగించేయండి. పోయిన గేరు ఆయిలు నింపేదాకా బండి కదపకండి.

బేసిను కింద పెట్టి, బోల్టు తలను మీకు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లుకు ఎదురుదిక్కులో పానా తిప్పండి. వదులయ్యాక చేత్తో తిప్పుతూ, లోపలికి నొక్కిపట్టి, చివరి మరకు చటుక్కున పక్కకు లాగండి. మొదటి ధార ఎగిరి దూరంగా పడుతుంది, తర్వాత దగ్గరికి వస్తుంది. బేసినును దానికి తగ్గట్టు జరపండి. పదిహేను నిమిషాలు పూర్తిగా కారనివ్వండి. ఆలోపు బోల్టును తుడిచి చూడండి. బూడిదరంగు ముద్ద కొద్దిగా ఉంటే ఫరవాలేదు. మెరిసే ఇనుప రవ్వలు, ముక్కలు కనిపిస్తే మాత్రం ఇంజనులో ఏదో అరుగుతున్నదని అర్థం. మేస్త్రీకి చూపించాలి.

ధార చుక్కలైపోయాక కొత్త వాషరు వేసి బోల్టు పెట్టండి. మొదటి నాలుగైదు మరలు వేళ్ళతోనే ఎక్కాలి. మొరాయిస్తే తీసి మళ్ళీ పెట్టండి, బలవంతం వద్దు. తర్వాత పానాతో బిగువుగా బిగించండి. పానాకు పైపు తొడిగి, బలమంతా పెట్టి బిగిస్తే చాంబరు మరలు చెడిపోతాయి. అప్పుడు చాంబరే మార్చాలి.

ఇక ఫిల్టరు. చాలా చిన్న కార్లలో ఇది ఇంజను పక్కన డబ్బాలా ఉంటుంది. బేసిను దాని కిందికి జరిపి, పట్టీ పానాతో వదులు చేసి చేత్తో విప్పండి. దాని నుంచీ కొంత నూనె కారుతుంది. పొగగొట్టం దగ్గరలో ఉంటే చెయ్యి తగలకుండా చూసుకోండి. విప్పగానే చేయవలసిన మొదటి పని, పాత ఫిల్టరును తిరగేసి రబ్బరు రింగు దానికే ఉన్నదా లేదా చూడడం. లేకపోతే అది ఇంజనుకు అంటుకుని ఉంది. గీకి తీసేయండి. ఆ చోటు శుభ్రంగా తుడవండి. మా అమ్మ ఆ ఎండలో కూర్చున్నది ఈ ఒక్క పని చేయకపోవడంవల్లే.

కొత్త ఫిల్టరు రింగుకు వేలితో కొత్త ఆయిలు పూయండి. చేత్తో ఎక్కించండి. రింగు ఇంజనుకు తగిలినట్లు తెలిసిన తర్వాత ఇంకో ముప్పాతిక చుట్టు చేత్తోనే బిగించండి. ఫిల్టరు పెట్టె మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. పానాతో బిగించకూడదు. కొన్ని కొత్త బండ్లలో డబ్బాకు బదులు లోపల కాగితపు ఫిల్టరు మాత్రమే మార్చే ఏర్పాటు ఉంటుంది. దానికైతే మూత రింగు కూడా కొత్తది వేయాలి.

ఇప్పుడు పై మూత దగ్గర గరాటు పెట్టి ఆయిలు పోయండి. మొత్తం ఒకేసారి వద్దు. చెప్పిన కొలతలో ముప్పాతిక వంతు పోసి, కొంచెం ఆగి, కొలతపుల్ల తీసి చూసి, మిగతాది కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటనీయకూడదు. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంకు నూనెను చిలికి నురగ చేస్తుంది. నురగకు కందెన గుణం ఉండదు. తక్కువైతే ఎంత నష్టమో ఎక్కువైనా అంత నష్టమే.

మూత బిగించి, పానాలు, గుడ్డలు లెక్కపెట్టుకుని, బండి కింద ఎవరూ లేరని చూసుకుని ఇంజను స్టార్టు చేయండి. యాక్సిలేటరు తొక్కవద్దు. ఎర్రదీపం కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఖాళీగా ఉన్న కొత్త ఫిల్టరు నిండడానికి ఆ మాత్రం పడుతుంది. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే ఒకటి రెండు నిమిషాలు నడవనిచ్చి, కిందికి దూరకుండా పక్క నుంచే టార్చిలైటుతో బోల్టు, ఫిల్టరు చుట్టూ చెమ్మ ఉందేమో చూడండి. ఆపి, బండిని నేలకు దింపి, పది నిమిషాల తర్వాత కొలతపుల్ల తుడిచి మళ్ళీ చూడండి. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉంటే సరి. తేదీ, కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్టు లోపల అంటించండి. ఆ రాత్రి ఇంజను కింద పాత అట్టముక్క ఒకటి పరచండి. తెల్లవారి దానిమీద చుక్క పడకపోతే మీ పని బాగా కుదిరినట్లు.

పని అయిపోలేదు, శ్రోతలారా. బేసినులో మూడు లీటర్ల నల్లటి నూనె మిగిలి ఉంది. నిజం చెప్పాలంటే ఈ ప్రసంగంలో నాకు ఎక్కువ ఆదుర్దా దీని గురించే. చాలామంది దాన్ని మురుగుకాలువలో పారబోస్తారు, లేదా పెరటి గుంటలో పోస్తారు. మా కోలారు జిల్లాకు ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువు నిండితే నీళ్ళు, లేదా ఎంతో లోతుకు దించిన బోరు. ఆ నీటికి ఎంత విలువో చెప్పనక్కరలేదు. యానాంలో కాలువలో పడింది గోదావరిలోకి పోతుంది. ఒక్క కారుకు మార్చిన పాత ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. నీటి మీద పొరలా పరుచుకుని గాలి అందనీయదు, నేలలో ఇంకితే ఏళ్ళ తరబడి పోదు.

కొందరు పశువుల గిట్టల పుండ్లకు, గజ్జికి కాలిన ఆయిలు రాస్తారు. అది మందు కాదు. ఇంజనులో కాలిన నూనెలో సీసం లాంటి లోహాలు, క్యాన్సరు కలిగించే పదార్థాలు చేరతాయి. పశువు దాన్ని నాకుతుంది. మనం కూడా చేతి తొడుగులు వేసుకోవాలి. చర్మానికి అంటితే పెట్రోలుతో కాదు, సబ్బుతో కడుక్కోవాలి. పొయ్యిలో వేసి కాల్చకూడదు.

మరి ఏం చేయాలి? కొత్త ఆయిలు వచ్చిన డబ్బాలోనే గరాటుతో పాతది పోసి మూత బిగించండి. నీళ్ళు, పెట్రోలు, బ్రేకు ఆయిలు అందులో కలపకండి. కలిపితే మళ్ళీ శుద్ధి చేయడం కష్టం. ఫిల్టరును ఒక రాత్రి బోర్లించి, అందులోని నూనె కూడా డబ్బాలోకి చేర్చండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఆయిలు అనుమతి ఉన్న శుద్ధి కర్మాగారాలకే చేరాలి. పెద్ద వర్క్‌షాపుల్లో దానికోసం పీపాలు పెట్టి ఉంటారు. మీరు విడిభాగాలు కొనే చోట అడగండి, వాళ్ళు తీసుకుంటారో, ఎవరు తీసుకుంటారో చెబుతారు. శుద్ధి చేస్తే ఆ నూనె మళ్ళీ కందెనగా పనికొస్తుంది. అప్పగించిన తర్వాత ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి. నకిలీవాళ్ళ చేతికి అది పోకుండా ఉంటుంది.

మొదటిసారి ఈ పనికి ఒక పూట పడుతుంది. రెండోసారి గంటన్నర. తెలిసినవారిని ఒకరిని పక్కన పెట్టుకుని చేయండి. మీకు చేయడం ఇష్టం లేకపోయినా ఫరవాలేదు. వర్క్‌షాపులో పక్కన నిలబడి, కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, మీ ఊరి భాషలో రెండే రెండు ప్రశ్నలు అడగండి: ఫిల్టరు మార్చారా? పాత రింగు వచ్చిందా? ఆనాడు నేను ఆ రెండు మాటలు అడగలేదు.

ఎర్రదీపం వెలిగితే మాత్రం ఎక్కడున్నా, ఎంత తొందరలో ఉన్నా, బండి పక్కకు తీసి ఆపండి.